ముప్పై ఎనిమిది పెట్టెలకు చీటీ

మా మనవరాలి ఉద్యోగం ఖాయమవుతుందో లేదో తేలే వారం అది. ఆరు నెలలు పని చూసి చెబుతామన్నారు, ఆ గడువు శుక్రవారంతో ముగుస్తుంది. బెంగళూరు మారతహళ్ళిలో మేమిద్దరం ఉండే ఇంట్లో ఒకటే బల్ల. సోమవారం పొద్దున ఆ బల్లకు ఒక పక్క నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను, మరో పక్క అది కంప్యూటరు ముందు తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏమే, పనా ఆటా?"

"పనే అవ్వా. పాత రిపోలన్నీ సాయంత్రంలోపల తీసేయమన్నాడు మా లీడరు. ఒక్కొక్కటి తెరిచి చూస్తే వారం పడ్తాది. అందుకే స్క్రిప్టు రాస్తాండా. రెండు నిమిషాల పని."

నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. తెలియనిది అడగడానికి నాకు సిగ్గు లేదు, అడిగాను. కంపెనీవాళ్ళు రాసే ప్రోగ్రాములన్నీ ఇంటర్నెట్‌లో ఒకచోట దాస్తారట. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో పెట్టె, అదే రిపో. వాటిని చేత్తో తెరవనక్కర్లేదట. ఆ చోటుతో మాట్లాడడానికి ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట ఉందట, దాన్నే లైబ్రరీ అంటారు. దాని సాయంతో నాలుగు వరుసల స్క్రిప్టు రాస్తే, రెండేళ్ళుగా ఎవరూ చెయ్యి పెట్టని పెట్టెలను ఏరి పారేసి వస్తుంది.

ఒకరు చేసిపెట్టినదాన్ని వాడుకోవడం నాకు నచ్చింది. పారేయడం నచ్చలేదు.

"ఆ గోడకు మేకుండాదే, కొట్టినాక మళ్ళా ఎవురన్నా ముట్టినారా? ముట్టలేదని పీకేస్తే దేవుని పటం యాడ తగిలిస్తావు?"

"సుమ్నే గమ్మునుండవ్వా. మేకు వేరే, కోడు వేరే."

"తీసేసినాక కావాలంటే మళ్ళా వస్తాదా?"

 అది బటను మీది వేలు వెనక్కి తీసుకుంది.

పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాడు వస్తే మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బట్టలన్నీ మంచం మీద పరచాలి, ఇంటిల్లిపాదీ వచ్చి చూసుకోవాలి, ఎవరూ నాదనకపోతేనే మూట కట్టాలి. ఒక్కసారి మా ఆయన నిద్రపోతున్నాడని లేపకుండా కట్టేశాను. ఆయనకున్న ఒకే ఒక్క ఉన్నికోటు అందులో పోయింది. ఆ చలికాలమంతా నేను కనబడినప్పుడల్లా ఆయన పనిగట్టుకుని దగ్గాడు.

ఇదంతా చెబితే మనవరాలు నవ్వి, పారేసే వరుస తీసేసి పేర్లు మాత్రం చూపించే వరుస రాసింది. ముప్పై ఎనిమిది పేర్లు వచ్చాయి.

"ఇంతమందిని ఎట్ల అడిగేది?" అంది. అంతలోనే తనే తల మీద కొట్టుకుంది. "లైబ్రరీ ఉండాది గదా!"

ప్రతి పెట్టెకూ ఒక చీటీ అంటించి, చివరిసారి అందులో చెయ్యి పెట్టినవాళ్ళకు కబురు పంపడం కూడా దానికి వచ్చట. చీటీలో మాటలు నేనే చెప్పాను: "ఇది మీకు కావాలా? శుక్రవారంలోపల చెప్పండి. చెప్పకపోతే పోతుంది. తర్వాత ఏడ్చి లాభం లేదు." అది ఇంగ్లీషులో పెట్టింది. చివరి మాట ఎగ్గొట్టిందని తర్వాత తెలిసింది.

ఇక లీడరుకు చెప్పాలి. అది ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పుతోంది.

"ఇట్లియ్యి, నేను మాట్లాడతా."

"వద్దవ్వా! ఉండే ఉద్యోగం పోతాది."

ఫోను చేసింది. ఆయనా తెలుగువాడే, గొంతు నాకు వినబడుతూనే ఉంది. "ఈవెనింగ్ లోపే అన్నాను కదమ్మా... సరే, ఫ్రైడే. నీ రివ్యూ కూడా ఆ రోజే, గుర్తుందిగా?"

మంగళవారం ఒక్క జవాబూ రాలేదు. అది సరిగా తినలేదు. అనవసరంగా నోరు పెట్టానేమోనని నాకూ తినబుద్ధి కాలేదు కానీ, అన్నం పారేయడం ఇష్టంలేక తిన్నాను.

బుధవారం ఒకావిడ పెద్దపెద్ద అక్షరాలతో రాసింది. ఖాతాదారులకు రోజూ వెళ్ళే రసీదులు ఆ ముప్పై ఎనిమిదింటిలో ఒకదాని నుంచే పోతున్నాయట. మూడేళ్ళుగా ఒక్కసారీ చెడిపోలేదు కాబట్టే ఎవరూ దాని జోలికి పోలేదట. ఆ తర్వాత మిగతావాళ్ళూ నిద్ర లేచారు.

"అన్నీ కావాలంటారు అవ్వా! ఒకడైతే లోపల ఏమీ లేని పెట్టె కూడా కావాలంటాడు!"

"ఏం చేసుకుంటాడంట?"

"ఎప్పుడన్నా పనికొస్తాదంట."

వీళ్ళు నాకన్నా ఘోరం అనుకున్నాను.

శుక్రవారానికి ఎవరికీ అక్కర్లేనివి ఐదు మిగిలాయి. "ఐదేనా!" అన్నాడట లీడరు. మళ్ళీ తనే, ఆ రసీదులు ఆగి ఉంటే ముందు తన ఉద్యోగమే పోయేదని, దీని ఉద్యోగం ఖాయమని చెప్పాడట.

ఫోను పెట్టేసి అది నా మెడ పట్టుకుని ఊగింది. "చాల్లే, ఆ ఐదింటి సంగతి చూడు" అన్నాను. పారేసే వరుస మళ్ళీ రాసింది. బటను నొక్కేముందు పేర్లు ఒకసారి చదవమన్నాను. చదివింది. ఒకదాని పేరు 'ఫైనల్ ఫైనల్ రెండు'.

"పోనీనా అవ్వా?"

"పోనీ."

నొక్కింది. ఐదూ పోయాయి. ఆ 'ఫైనల్ ఫైనల్ రెండు' రాసినవాడెవడో ఊళ్ళో లేక చీటీ చూసుకోలేదేమోనని నాకు అనిపించింది. అది సంతోషంగా ఉందని ఊరుకున్నాను.