విశ్రాంతి దాకా చూసిన సినిమా

ఆ కాలంలో ఆ హీరోకి నాకంటే పెద్ద భక్తుడు కృష్ణపట్నం నుంచి సూళ్లూరుపేట దాకా లేడు. గొప్పకు చెప్పడం లేదు. బుర్ర లేనివాళ్లలో నేను ముందువరసలో ఉండేవాణ్ణని చెబుతున్నా.

ఆయనకు అప్పటికే పొట్ట వచ్చింది. బుగ్గలకు పౌడరు దట్టంగా అద్ది, నడుం బిగించి, ఇరవై ఏళ్ల వాణ్ణని తెరమీదకొస్తే మేం నమ్మినాం. అప్పట్లో వచ్చిన ఒక ప్రేమ సినిమాలో ఆయన పడవవాడు. నేను నిజంగానే పడవవాణ్ణి. బకింగ్‌హాం కాలువలో సరుగుడు కట్టెలు మద్రాసుకు చేరేసేవాళ్లం. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టుమీద నడుస్తూ భుజానికి తాడేసుకొని లాగడమే. ఆ తాడు ఒరిసిన కాయ నా భుజంమీద ఇప్పటికీ ఉంది. ఆయన భుజంమీద సిలుకు తువ్వాలు. పడవ నెట్టే గడ నీళ్ల అడుగుకు ఆనకుండానే పడవ పోతుంది, దాంతోపాటు పాటా పోతుంది. ఆ మనిషి ఎన్నడూ గడ పట్టలేదని మా కాలువ గట్టున ఎవురైనా చెబుతారు. నేను మాత్రం ఈల వేసినా.

కాలువ పక్క ఊళ్లలో డేరా టాకీసులుండేవి. కట్టెలున్న పడవను వదిలి అందరూ పోకూడదు. అందుకని పడవవాళ్లలో ఇద్దరికి ఒక టిక్కెట్టు. ఒకడు మొదటి సగం చూసి, విశ్రాంతిలో గేటు దగ్గర పాసుచీటీ తీసుకొని వచ్చి రెండోవాడి చేతిలో పెడతాడు. వాడు పోయి మిగతాది చూస్తాడు. గేటుమనిషి చీటీ చూసేవాడు, ముఖం చూసేవాడు కాదు.

నాతో తాడు లాగే ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. ఆయనకు ఏ సగమైనా ఒకటే. నాకు మొదటి సగమే కావాల. హీరో తెరమీదకొచ్చేటప్పుడు కాగితం ముక్కలు చల్లకపోతే నాకు అన్నం సయించదు. ఆ సినిమా ఐదు తడవలు చూసినా. ఐదు తడవలూ విశ్రాంతి దాకానే.

విశ్రాంతికి ముందు, ప్రేమించిన పిల్లకు వేరే సంబంధం వస్తుంది. ఈయన కాదనడు. తువ్వాలు భుజాన వేసుకొని, ఓరగా నవ్వి, "ఆమె సుఖమే నా సుఖం" అని గట్టు దిగిపోతాడు. నేలమీద కూచున్న ఆడవాళ్లు ముక్కులు చీదేవాళ్లు. నేనూ చీదినా.

"ఏం మనిషన్నా, అంత బాధలోనూ నోరు విప్పడు" అన్నా ఒకసారి, పాసు ఇస్తా.

"ఎవురు, మీవోడా? నేను చూసినంతసేపూ వాగతానే ఉన్నాడే."

"కథ చెప్పబాక. ఎప్పుడో మొత్తం నేనే చూస్తా."

"నీ ఇష్టం అబ్బయ్యా. అప్పటికి నీకు పళ్లుంటే."

మా మేనమామ కూతురు ఐదో క్లాసు దాకా చదివింది. నాకోసమే పుట్టిందని అందరూ అనేవాళ్లు. డేరా దగ్గర అమ్మే పాటల పుస్తకం ఆ పిల్లకు తెచ్చిచ్చినా. అందులో ఒక్క అక్షరం నాకు రాదు, అట్టమీద ముఖం చూసి కొన్నదే.

"ఆఖరి పాట బాగుంది బావా. చదివి పెట్టేదా?" అనింది.

"నాకెందుకు, సినిమా అంతా నాలికమీద ఉంటే" అన్నా. సగమే చూసినానని ఆ పిల్ల దగ్గర ఒప్పుకోవడం నామోషీ.

ఆ ఏడే ఆ పిల్లకు కోట ఊరి పక్కనుంచి, భూములున్న వాళ్ల సంబంధం వచ్చింది. మాలో మేనబావ ఉండగా పిల్లను బయటికియ్యాలంటే ముందు వాణ్ణి పిలిచి అడగాల. తాంబూలం పళ్లెం ముందర పెడతారు. పళ్లెం వెనక్కి నెడితే పిల్ల వాడిది. ఆకూవక్కా తీసుకుంటే హక్కు వదులుకున్నట్టు.

మామ పళ్లెం పెట్టినాడు. "ఒరే అల్లుడా, పిల్ల నీది. కావాలంటే చెప్పు, వాళ్లను ఇప్పుడే పంపించేస్తా." తలుపు కింద ఆ పిల్ల పాదాలు కనబడతానే ఉన్నాయి.

తువ్వాలు సర్దుకున్నా. ఓరగా నవ్వినా. ఆకూవక్కా తీసుకొని, "ఆమె సుఖమే నా సుఖం" అని గుమ్మం దిగినా.

"ఏందిరా వీడు, నాటకాలోడి మాదిరి" అని మామ వెనక అనుకోవడం వినబడింది.

అంత త్యాగం చూసిన పిల్ల ఏడ్చి రచ్చచేసి పెళ్లి ఆపుతుందని నా నమ్మకం. ఆపకుంటే ఇంక రెండో సగం ఎందుకు?

పెళ్లినాడు మేము కాలువమీద ఉన్నాం. తాడు లాగతా లాగతా జరిగిందంతా పెద్దాయనకు చెప్పినా. ఆయన నడక ఆపేసినాడు.

"ఒరే పిచ్చోడా. రెండో సగంలో మీవోడు పెళ్లిపందిట్లోకి పరిగెత్తుకొచ్చి, పిల్ల నాదని పదిమందిలో అరిచి, పాట పాడి మరీ తీసకపోయినాడు గదరా."

"మనూరికి ఎంత దూరమొచ్చినాం?"

"రెండు దినాల దారి. తాడు పట్టు, పడవ అడ్డం తిరగతా ఉంది."

పట్టుకున్నా. అంతకుమించి నేను చేసింది లేదు.

చాలా ఏళ్లకు, మామ పోయినప్పుడు ఆమె వచ్చింది. పిల్లలతో, నిండుగా ఉంది.

"ఆఖరి పాట పెళ్లిపందిట్లో పాడేదని పుస్తకంలోనే రాసుండింది గదా బావా. అది తెలిసినోడివి, వస్తావని తాళి కట్టేదాకా వాకిలి చూస్తానే ఉన్నా" అనింది.

సగమే చూసినానని అప్పుడు చెప్పినా. ఆమె నా ముఖం చూసి కడుపుబ్బ నవ్వింది. "మంచిదేలే. ఆ తెరమీద బొమ్మ నేర్పిస్తే గాని మాట రానోడితో నేనెట్ల కాపురం చేసుండేదాన్ని?" అనింది. తిట్టినా బాగుండేది.

యాభై దాటినాక మనవరాలి పలకమీద అక్షరాలు దిద్దినా. ఆ పాటల పుస్తకం ఇంకొకటి సంపాదించి ఆఖరి పాట చదివినా. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివేంత సరుకు దాంట్లో లేదు. వెన్నెల, మల్లెపూలు, నువ్వు, నేను. దీనికోసమా వాకిలి చూసింది ఆ పిల్ల?

ఇప్పుడు ఆ సినిమా టీవీలో అప్పుడప్పుడు వేస్తారు. కూచుంటా. గడ పట్టిన తీరు చూసి తిట్టుకుంటా. ఓరగా నవ్వే చోట ఛీ అంటా. ఆ తరువాత తెరమీద 'విశ్రాంతి' అని పడుతుంది. అది ఇప్పుడు చదవగలను. చదివి, లేచి, కట్టేస్తా.