కిర్రుమనని కడ్డీ

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. అయాన్లు, బంధాలు రోజంతా నా నోట్లో నానుతూనే ఉంటాయి. అంత చదువు పెట్టుకొని నా ఇంటి పొయ్యి మీద జరుగుతున్నదాన్ని గుర్తుపట్టలేకపోయాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మా నాయన రాగి పాత్రలకు కళాయి పోసేవాడు. పెళ్లిళ్లలో బిర్యానీ వండే పెద్ద దేగిశాలు నెల్లూరు నుంచి కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. పాత్రను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి గుడ్డతో రుద్దితే తెల్లటి పొగలో చిలుమంతా పోయి రాగి ఎర్రగా బయటపడేది. అప్పుడు తగరం కడ్డీ తాకిస్తే లోపలంతా వెండిలా పరుచుకునేది. ఆ రెండు లోహాల పరమాణువులు ఎలా పట్టుకుంటాయో నేను చెప్పబోతే, "అది నా చేతికి తెలుసులేమ్మా, నువ్వు నీ పిలకాయలకు చెప్పుకో" అని నవ్వేవాడు.

మా ఇంట్లో చేపల పులుసు ఆయన కళాయి పోసిన రాగి దబరలోనే. మా వైపు పులుసును వండిన పూటే తినేవాళ్లు తక్కువ. చింతపండూ మామిడికాయా ముక్కకు పట్టాలని అదే దబరలో ఉంచి మర్నాడు తింటారు. నేను కాలేజీకి పోతూ మూడేళ్ల నా కూతుర్ని అమ్మానాయనల దగ్గర వదిలేదాన్ని. ఆ మర్నాటి పులుసన్నం అంటే దానికి ప్రాణం. నాయనే ముల్లు తీసి ముద్దలు పెట్టేవాడు.

ఆ ఏడాది పిల్ల పాలిపోయింది. కడుపునొప్పితో మెలికలు తిరిగేది. దిష్టి తీశాం, నులిపురుగుల మందు పోశాం. తరువాత మాటలు తగ్గాయి. కాకిని చూస్తే గంతులేసి పేరు చెప్పే పిల్ల, వేలు చూపించి ఊరుకునేది. చెన్నై తీసుకుపోతే రక్తం పరీక్ష చేసి, సీసం అన్నారు. ఇంటి గోడలకు పాత రంగులున్నాయా, కాటుక పెడతారా అని డాక్టరు అడుగుతుంటే నాకు దబర లోపలి కళాయి గుర్తొచ్చింది.

ఇల్లు చేరగానే నాయన పనిపెట్టెలోంచి కడ్డీ తీశాను. అసలైన తగరాన్ని చెవి దగ్గర పెట్టి వంచితే కిర్రుమంటుంది. సీసం బాగా కలిస్తే ఆ చప్పుడు రాదు. కొనేటప్పుడు నాయన చూసుకునే పరీక్ష అదొక్కటే. వంచాను. చప్పుడు లేదు. ఇంకోటి తీసి వంచాను. లేదు.

"కొనేటప్పుడు వంచి చూడలేదా నాయనా?" అని గట్టిగా అడిగాను.

"చూసినా. కొన్నాళ్లుగా ఏ కడ్డీ వంచినా నాకేమీ వినపడ్డంలా. చెవులు పోయినాయిలే అనుకున్నా. చెవిటోడని తెలిస్తే పని ఎవురిస్తారమ్మా? అందుకే ఇంకొకర్ని వినమని అడగలా."

ఆ ముసలాయన్ని పట్టుకొని కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆయన్నేం అనను? పులుపు తగిలితే సీసం పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకొని అయానై పులుసులోకి దిగుతుంది. కాల్షియం అయానుకూ అదే ఆవేశం కాబట్టి ఒళ్లు మోసపోయి దానికి ఎముకలో చోటిస్తుంది. అదంతా తెలిసిన నేనూ అదే పులుసు రెండోసారి వడ్డించుకొని తిన్నాను. దబరను పెరట్లోకి విసిరికొట్టాను.

నాయన పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు. దాని తల నిమురుతూ అడిగాడు. "పాత కళాయి గీకేసి కొత్తది పోస్తాం గదమ్మా. బిడ్డ ఒంట్లోది కూడా అట్ట గీకి తీసేస్తారా డాక్టర్లు?"

రక్తంలో ఉన్నదాన్ని మందు పట్టి బయటికి లాగుతుంది. ఎముకలో చేరింది ఏళ్ల తరబడి ఉంటుంది. పోయిన మాటలు మళ్లీ వస్తాయో రావో చెప్పలేమన్నారు. పిల్ల ముందు పైకి అనలేక అదంతా ఆయనకు మెల్లగా చెప్పాను.

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "వినపడలేదమ్మా. గట్టిగా చెప్పు."

పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. వీధంతా వినపడేలా అరిచి చెప్పాను.