మంచి కాలికి పిండికట్టు

ఊళ్లో చాలామందికి అతని అసలు పేరు తెలియదు. పదమూడేళ్లు కంపెనీ కుస్తీల్లో ఎలుగు అనే పేరుతో రింగులోకి దిగాడు, దిగి దిగి ఆ పేరే ఒంటికి అంటుకుపోయింది. మంగలి దుకాణంలో ఎలుగు, మందుల షాపులో ఎలుగు, సొంత బామ్మర్ది కూడా చాటున ఎలుగు బావ అనే అంటాడు. ఇప్పుడు డెబ్భై మూడేళ్లు. నుదురంతా బ్లేడు గాట్లు, చెవులు రెండూ నలిగి నలిగి ముద్దలైపోయాయి, చేతికర్ర ఆనించి నడుస్తూ ఎడమ కాలు ఈడుస్తాడు. ఆ గాట్లు నిజం, ఆ చెవులు నిజం. ఆ ఈడ్పు మాత్రం అబద్ధం. నలభై ఒక్క ఏళ్లుగా కట్టుకున్న దాని కళ్లెదుట నడుస్తున్న అబద్ధం.

గురువారం పొద్దున్నే బామ్మర్ది వచ్చాడు. సైకిళ్లు బాగుచేస్తాడు. మంచివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు.

"బావా, ఆదివారం నాలుగింటికి ఎక్కడికీ పోకు. పాత కుస్తీల మీద టీవీలో గంటసేపు వేస్తున్నారట. నీ ఫోటో కూడా చూపిస్తారట. మీ మేనేజరు ముసలాడు మాట్లాడతాడు."

"ఆయనింకా ఉన్నాడా?"

"ఉండటమేంటి, తొంభై దగ్గరికొచ్చినా నోరు తుప్పు పట్టలేదు. ఆనాటి గుట్లన్నీ విప్పేశాడని చెప్పుకుంటున్నారు."

గుమ్మంలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్న ఎలుగు భార్య తలెత్తింది. "ఏం గుట్లురా?"

"అదే అక్కా, ఆ కుస్తీలన్నీ ఉత్తుత్తివేనట. ముందే మాట్లాడుకుని కొట్టుకునేవాళ్లట."

"ఆ మాత్రం నాకు తెలియదనుకున్నావా? మీ బావ గెలిచొచ్చినా ఓడొచ్చినా ఒక్కలాగే భోంచేసేవారు," అందామె దారం కొరుకుతూ. "ఎన్ని ఉత్తుత్తివైతేనేం, ఆ కాలు విరగడం మాత్రం నిజమే కదా. దానితోనే కదా మన బతుకు ఇలా అయింది."

ఎలుగు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఆ రోజుల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇప్పటివాళ్లకి నవ్వులాటగా ఉండొచ్చు గానీ, ఒళ్లు హూనం చేసుకుంటేనే కడుపు నిండే పని అది. ఊరి బయట డేరా వేసేవారు. చెక్కబల్లల మీద గోనెలు పరిచి, పైన గుడ్డ బిగించి, చుట్టూ మూడు తాళ్లు కడితే అదే రింగు. ఎవడు గెలవాలో, ఎన్నో నిమిషంలో గెలవాలో మేనేజరు ముందే చెప్పేవాడు. నెత్తురు కావాలన్న రోజు బ్లేడు ముక్క ఒకటి వేలికి చుట్టిన పట్టీలో దాచుకుని, కింద పడ్డప్పుడు ఎవడి నుదురు వాడే కోసుకోవాలి. ఎలుగుది దుర్మార్గుడి వేషం. పులి అనే అతనిది మంచివాడి వేషం. ఇద్దరూ ఒక బస్సు ఎక్కకూడదు, ఒక హోటల్లో టీ తాగకూడదు. రింగులో మాత్రం ఒకడి మెడ ఇంకొకడి చేతిలో ఉండేది, పసిపిల్లని ఎత్తుకున్నంత జాగ్రత్తగా పడేసుకునేవారు. చూసేవాళ్లకి అది హత్యాప్రయత్నంలా కనిపించాలి, అదీ పనితనం.

ఎలుగుకి ఒక ప్రత్యేకత ఉండేది. తాళ్ల అవతలికి పడేస్తే రిఫరీ పది లెక్కపెట్టేలోగా లోపలికి రావాలి. ఎలుగు ఏనాడూ ఎనిమిదికి రాలేదు, పది కానివ్వలేదు. నేల మీద పాకి పాకి సరిగ్గా తొమ్మిదికి తాడు అందుకునేవాడు. ముందు వరసల వాళ్లు గొడుగులతో పొడిచేవారు, చెప్పులు విసిరేవారు. అయినా లెక్క తప్పేది కాదు. నిద్రలో లేపి అడిగినా వాడి బుర్రలో అంకెలు నడుస్తూనే ఉంటాయని తోటివాళ్లు ఏడిపించేవారు.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు గుట్టు. ఇంట్లో కూడా నోరు విప్పకూడదు. ఒకడు ఉండబట్టలేక పెళ్లానికి చెప్పాడు. ఆ మహాతల్లి ముందు వరసలో కూర్చుని, మొగుడి మొహమంతా నెత్తురు కారుతుంటే వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ పక్కావిడతో కబుర్లలో పడింది. మర్నాటినుంచి వాడికి పని లేదు. "మీ పెళ్లాం ఏడిస్తేనే డేరా ఏడుస్తుందిరా" అనేవాడు మేనేజరు. వాడి తెలివి తగలెయ్య, అలాంటి సూక్తులకు మాత్రం లోటుండేది కాదు.

నలభై ఒక్క ఏళ్ల కిందటి వేసవిలో పులి ఎలుగు కాలు విరగ్గొట్టాలని, మూడు నెలలయ్యాక ఎలుగు పగ తీర్చుకోవడానికి తిరిగి రావాలని మేనేజరు పథకం వేశాడు. అనుకున్నట్టే రింగులోంచి మంచం మీద మోసుకెళ్లారు. కంపెనీ కాంపౌండరు తొడ దగ్గర్నుంచి పాదం దాకా, చీమ కుట్టిన గుర్తైనా లేని ఎడమ కాలికి పిండికట్టు వేశాడు. చంకకర్రలిచ్చి, వెనక గదిలో రెండు రోజులు కుంటడం నేర్పించి ఇంటికి పంపారు. భార్య గుమ్మంలో చూసి కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు వీధి చివరిదాకా వినబడింది. మేనేజరు కోరుకున్నదీ అదే.

అప్పటికి వాళ్లకి నాలుగేళ్ల కూతురు. ఎలుగు కడుపున పిచ్చుక పుట్టిందని వీధిలో నవ్వేవారు, దాంతో ఆ పిల్లకి పిచ్చుక అనే పేరు నిలిచింది. కట్టు వేసుకుని నాన్న రోజంతా ఇంట్లో ఉండటం దానికి పండగైపోయింది. బొగ్గుముక్క తెచ్చుకుని కట్టు మీద బొమ్మలు గీసేది. మధ్యమధ్య వేలితో టకటక కొట్టి, "నొప్పా నాన్నా?" అని అడిగేది.

"అబ్బో, చాలా నొప్పి."

"ఊదనా?"

"ఊదు తల్లీ."

బుగ్గలు పూరించి కట్టు మీద ఊదేది. ఎలుగు కళ్లు మూసుకుని, తగ్గిపోయిందనేవాడు. పసిదానికైనా నిజం చెప్పలేదు. చెబితే సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోతుంది మరి.

ఐదో వారంలో ఒక మధ్యాహ్నం భార్య కుట్టిన చొక్కాల మూట తీసుకుని బట్టల షాపుకి బయల్దేరింది. "అరగంటలో వచ్చేస్తా. దాన్ని కాస్త కనిపెట్టి ఉండండి," అని చెప్పి వెళ్లింది. వాకిలి చుట్టూ నాలుగు వాటాలు, మధ్యలో నీళ్ల సంపు. పొద్దున నీళ్లు పట్టుకున్నవాళ్లెవరో మూత సగం తెరిచి మరిచిపోయారు. పిచ్చుక దాని అంచు దాకా వెళ్లి, నీళ్లలో తన మొహం చూసుకోవడానికి వంగింది. అరుగు మీద ఎలుగు కూర్చున్న స్టూలుకీ సంపుకీ మధ్య దూరం పన్నెండు అడుగులు.

తర్వాత ఏం జరిగిందో వీధిలో అందరూ చెప్పుకున్నదే. కాలు విరిగిన మనిషి, పాపం, కర్రలందుకుని లేచాడు. తడి నేల మీద కర్ర జారింది. పడ్డాడు, పాకాడు. అంతలో పిల్ల లోపల పడిపోయింది. బిగుసుకున్న ఆ కాలు సంపు నోట్లో పట్టలేదు, తల లోపలికి పెట్టి చేతులతో దేవాడు, అరిచాడు. వీధిలోంచి ఎవరో పరుగున వచ్చి దిగి తీసేసరికి అంతా అయిపోయింది.

షాపు నుంచి వచ్చిన తల్లి పిల్లని ఒళ్లో వేసుకుని ఒకటే మాట అంది. "కాలు విరిగిన మనిషి మీద పిల్లని వదిలేసి పోయాను. నా చేతులతో నేనే చంపుకున్నాను."

ఎలుగు ఆ మాట విన్నాడు.

మూడు వారాల తర్వాత కట్టు కోశారు. బొమ్మలున్న ముక్కని ఆమె గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచుకుంది. అనుకున్న రోజుకి ఎలుగుని రింగులోకి దించారు. డేరా పట్టనంత జనం. పులి తాళ్ల బయటికి పడేశాడు, రిఫరీ లెక్క మొదలెట్టాడు. తొమ్మిదైంది, పదైంది, ఎలుగు పడ్డచోటినుంచి కదల్లేదు. మేనేజరు బూతులు తిట్టాడు. దాంతో ఆ పని సరి. తర్వాత ముప్పై ఏళ్లు ఒక గోడౌను దగ్గర కాపలా కాశాడు, కుంటుతూనే. కాలు బాగైపోయిందంటే ఆమె ఏమనుకుంటుందోనని మొదట కుంటాడు. ఆ తర్వాత మానడానికి దారి కనబడలేదు. చలికాలం వస్తే ఆమె నూనె కాచి ఆ కాలికే మర్దనా చేసేది. నిజంగా అరిగిపోయింది రెండోది, నలభై ఏళ్లు బరువంతా మోసిన కుడి మోకాలు. దాని సంగతి ఎవరితో చెప్పుకుంటాడు?

ఆమె మాత్రం ఆ రోజు తర్వాత చొక్కాల మూట పట్టుకుని గడప దాటలేదు. కావలసినవాళ్లే వచ్చి తీసుకెళ్లాలి. పెళ్లికి పిలిచినా, చావుకి పిలిచినా, తమ్ముడింటికైనా సరే, అరగంట దాటితే ఆమెకి గుండె దడ వచ్చేస్తుంది. మళ్లీ పిల్లలు పుట్టలేదు. పుట్టకపోవడమే మంచిదైందని, తనలాంటి దానికి పిల్లలెందుకని ఆమే అనేది. అన్నప్పుడల్లా ఎలుగు అక్కడే ఉండేవాడు.

అదీ సంగతి. ఇప్పుడు ఆదివారానికి మూడు రోజులు. టీవీలో ఆ ముసలాడు చెప్పకముందే తను చెప్పెయ్యాలి. శుక్రవారం ఆమె పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు. ఆమెకి చూపు ఆనక, ఆ పని ఎప్పుడూ అతనిదే.

"నీకో మాట చెప్పాలి."

"చెప్పండి."

"ఏం లేదు. నల్లదారం అయిపోవచ్చింది."

శనివారం ఇంకా హీనం. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు టీవీ వెనక వైరు పీకి, మొన పళ్లతో నలిపేశాడు. ఏనాడూ వేళకి రాని బామ్మర్ది ఆదివారం మూడింటికే దిగబడి, వైరు చూసి, జేబులోంచి కటింగ్ ప్లేయరు తీశాడు. "ఎలకలు కొరికినట్టున్నాయి బావా. నీ ఫోటో నువ్వు చూసుకోకుండా ఎలా పోనిస్తాను?" అన్నాడు.

నాలుగింటికి మొదలైంది. పాత డేరాల బొమ్మలు, నుదుటి నిండా నెత్తురుతో పులి, పళ్లు బయటపెట్టి గుర్రుమంటున్న ఎలుగు. ఆమె కుట్టు ఆపకుండానే ఓరగా చూస్తోంది. ఆఖర్న మేనేజరు వచ్చాడు. మెడ నిలబడని ముసలి, అయినా నవ్వు మాత్రం అదే నవ్వు.

"ఎలుగు కాలు విరగడమా? ఎక్కడ విరిగిందండీ. గుండ్రాయిలాంటి కాలికి పిండికట్టు వేయించాం. ఇంట్లో పెళ్లాం దగ్గర కూడా కుంటాడు పాపం. అంత నమ్మకస్తుణ్ణి నేను మళ్లీ చూడలేదు."

బామ్మర్ది తొడ చరిచాడు. "బావా, నువ్వు మామూలోడివి కాదు. మా అక్కనే..." అని సగంలో ఆగిపోయాడు. ఆ కట్టు ఏ ఏటిదో అప్పుడు గుర్తొచ్చింది వాడికి. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్నేం చెయ్యాలో తెలియలేదు.

ఆమె సూదిని చొక్కా కాలరుకి గుచ్చింది. లేచి లోపలికి వెళ్లింది. ట్రంకు పెట్టె చప్పుడైంది. గుడ్డమూట తెచ్చి ఒళ్లో పెట్టుకుని విప్పింది. పసుపెక్కిపోయిన పిండికట్టు ముక్క, దాని మీద బొగ్గుతో ఒక సున్నా, సున్నాకి నాలుగు కాళ్లు. ఎలుగుబంటి అని చెప్పేది పిచ్చుక.

"ఆ రోజు వాకిట్లో ఎవరున్నారు?" అని అడిగింది.

"ఎవరూ లేరు."

"గుమ్మాల్లో?"

"అన్ని తలుపులకీ తాళాలే. అందరూ పనులకి పోయారు."

"మరి ఎవరు చూస్తారని కర్రలందుకున్నారు?"

ఎలుగు నేల చూపులు చూశాడు. ఇన్నేళ్లూ ఎన్ని రకాలుగానో సిద్ధం చేసుకున్న జవాబులు ఒక్కటీ నోటికి రాలేదు, ఉన్నదే వచ్చింది.

"కాలు విరగలేదన్న సంగతి గుర్తు రాలేదు. ఐదు వారాలు కుంటాను కదా. అది వంగడం చూడగానే చేతులు వాటంతటవే కర్రల మీదికి పోయాయి. లోపల లెక్క మొదలైంది. జారితే పాకాను, రింగు బయట పాకినట్టే. తొమ్మిదికి పడింది. అప్పుడు గుర్తొచ్చింది."

"నేనే చంపుకున్నానని ఇన్నేళ్లు ఏడ్చాను. పక్కనే కూర్చుని విన్నారు."

"చెబుదామనే అనుకున్నాను. ఆ కాలు చూసినప్పుడల్లా నీకు నా మీద జాలి ఉండేది. అది పోతే నాకింకేం మిగలదని భయమేసింది."

"అక్కా, పెద్దాయన..." అన్నాడు బామ్మర్ది.

"నువ్వు ఊరుకోరా." ఆమె అరుగు మీదికి నడిచి, స్టూలుని ఆ రోజు ఉన్న మూలకే జరిపింది. సంపుని పూడ్చేసి ఇరవై ఏళ్లయింది, నోటి మీద నల్లటి రాతిపలక ఉంది. "ఇలా వచ్చి కూర్చో," అంది. పెళ్లయిన నాటినుంచి అతన్ని ఏకవచనంతో పిలవడం అదే మొదలు.

కూర్చున్నాడు.

"ఆ కర్ర అవతల పెట్టు. కుంటకుండా ఆ పలక దాకా రా. నేను లెక్కపెడతాను."

"మోకాలు..."

"లే."

ఎలుగు లేచాడు. ఆమె గొంతు పెంచకుండా, రిఫరీల కన్నా నెమ్మదిగా, ఒకటి అంది. ఎడమ కాలు తిన్నగా పడింది, ఎంత తిన్నగా పడిందో చూసి బామ్మర్ది తల తిప్పేసుకున్నాడు. రెండు, మూడు. అరిగిన కుడి మోకాలు కలుక్కుమంది, పళ్లు బిగబట్టాడు. నాలుగు, ఐదు. ఎక్కడా జారలేదు, ఎక్కడా ఆగలేదు. ఆరు. పాదం చల్లటి రాతి మీద ఆనింది.

"ఏడు," అంది ఆమె.

అక్కడితో లెక్క ఆపేసింది. "డెబ్భై మూడేళ్ల ముసలికి ఏడు. ఇంకా రెండు మిగిలే ఉన్నాయి," అంది. పిండికట్టు ముక్కని గుడ్డలో చుట్టుకుని, చొక్కాల మూట చంకన పెట్టుకుని, నలభై ఒక్క ఏళ్ల తర్వాత ఒంటరిగా షాపు వైపు నడిచింది. ఎంతసేపట్లో వస్తుందో చెప్పలేదు.