అభ్యంతరం తెలిపిన కార్యదర్శి

మా అబ్బా పోయిన రెండో ఏడు, నెల్లూరులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పే మేడం నాకు ఫోన్ చేసింది. జిల్లాలో చిన్న చిన్న సంఘాల పాత పుస్తకాలు పోగుచేసి, స్కాన్ చేయించి భద్రపరుస్తున్నారట. రిక్షావాళ్ళ సంఘానివి దొరికాయి, నాటకాలాడే వాళ్ళవి దొరికాయి అని చెప్పి, "మీ నాన్నగారు ఇందుకూరుపేటలో టైలర్ల సంఘానికి చాలా ఏళ్ళు కార్యదర్శిగా ఉన్నారని విన్నాను. సభల మినిట్సు పుస్తకాలేమైనా మిగిలాయాండీ?" అని అడిగింది.

మిగిలే ఉంటాయి అన్నాను. అబ్బా కాగితం పారేసే మనిషి కాదు. ఏడో తరగతితో చదువు మానేసి మిషను ఎక్కినా అక్షరమంటే ఆయనకు భయభక్తులు. అంగడిలో కొలతల పుస్తకం కూడా ఎర్ర గీత కొట్టి రాసేవాడు. నేను తెలుగు టీచరునయ్యాక, నా బడిపిల్లల నోటుబుక్కులు దిద్దుతుంటే పక్కన కూర్చుని చూసి, "వీడి చేతిరాతలో తొందర ఎక్కువమ్మా" అనేవాడు.

ఆ ఆదివారం ఇందుకూరుపేట వెళ్ళాను. అంగడి గదిని తమ్ముడు సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయనకు అద్దెకిచ్చేశాడు. మిషను వరండాలోకి, మిగతా సామాను అమ్మ గదిలోకి చేరాయి. అమ్మ మంచం మీద కూర్చునే కాలితో రేకుపెట్టెను ముందుకు తోసింది.

"సంఘమంతా దాంట్లోనే ఉండాది. తీసుకో," అంది.

అయిదు పుస్తకాలు. అట్టలు చిరగకుండా ఒక్కోదానికీ మిగులు గుడ్డతో తొడుగు కుట్టి ఉంది. మొదటిది వేరెవరి చేతిరాతో. రెండో పుస్తకం నుంచీ అబ్బాదే. టైలర్లకు అమావాస్య సెలవు. ఆ మధ్యాహ్నం మా అంగడిలోనే చాప పరిచి సభ జరిపేవాళ్ళు. నేను బడి నుంచి వస్తూ గడపలో చెప్పులు చూసి, ఇవాళ సభ అనుకుని పక్క సందులోంచి ఇంట్లోకి పోయేదాన్ని. లోపల ఏం మాట్లాడుకునేవాళ్ళో ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు చదువుతుంటే తెలిసింది. ఒకాయనకు చెయ్యి విరిగితే ఆయన ఒప్పుకున్న గుడ్డలన్నీ మిగతావాళ్ళు పంచుకుని కుట్టి, ఆయన అంగడి పేరుతోనే ఇచ్చేట్టు తీర్మానం. తుపానుకు అంగళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు, ఎవరి గుడ్డ ఏదో తెలియక కలిసిపోతే, ఊరి వాళ్ళందరినీ బడి ఆవరణకు పిలిచి గుర్తుపట్టించుకున్న సంగతి ఒకటిన్నర పేజీ. ఒక సభ్యుడు ఇంకో సభ్యుడి కొలతల పుస్తకం చూసి గిరాకీ లాక్కున్నాడని ఫిర్యాదు. విచారణలో అది నిజం కాదని తేలడం. ఇద్దరూ టీ తాగి వెళ్ళడం. టీ తాగిన సంగతి కూడా రాశాడు అబ్బా. నాకు నవ్వొచ్చింది. అమ్మకు చదివి వినిపించాను. తనూ నవ్వింది.

మూడో పుస్తకం సగంలో ఆ పేజీ వచ్చింది. ఒక ఆవిడ సభ్యత్వం కోసం అర్జీ పెట్టుకుంది. భర్త టైలరు, చనిపోయాడు. ఆవిడ ఇంట్లోనే రవికలు కుడుతోంది. బడులు తెరిచే ముందు వచ్చే పిల్లల యూనిఫారాల పని సంఘం సభ్యులకే పంచుతారు కాబట్టి తననూ చేర్చుకోవాలని కోరింది. దాని కింద అబ్బా చేతిరాత: "కార్యదర్శి అభ్యంతరం తెలిపినాడు. ఆడమనిషి బజారులో కొలతలు తీసిన యెడల సంఘానికి మాట వచ్చునని చెప్పినాడు. చర్చ జరిగినది. వాయిదా."

మిగతా అందరినీ గారు అని రాసేవాడు. తనను మాత్రం "చెప్పినాడు" అనే రాసుకునేవాడు.

తర్వాతి అమావాస్య మళ్ళీ అదే అర్జీ, అదే అభ్యంతరం, వాయిదా. మూడోసారీ అంతే. అంటే ఆవిడ మూడు నెలలు తిరిగింది. నన్ను ఊరు దాటించి కాలేజీకి పంపడానికి బంధువులందరితో మాటలు పడ్డ మనిషి, ఇంకో ఆడమనిషి కూలిపనికి అడ్డం నిలబడ్డాడు. పేజీ తిప్పాను.

నాలుగో సభలో ఒకటే వాక్యం: "కార్యదర్శి తన అభ్యంతరమును ఉపసంహరించుకున్నాడు. ఏకగ్రీవముగా సభ్యత్వము ఇవ్వబడినది." కారణం లేదు.

ఆ మాట దగ్గర నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. నేను పదో తరగతి చదివేటప్పుడు ఒక సాయంత్రం అబ్బా అంగడిలోంచి ఇంట్లోకి వచ్చి, "ఉపసంహరించుకోవడం ఎట్లా రాస్తారమ్మా, హకు దీర్ఘం ఉండాదా?" అని అడిగాడు. లేదని చెప్పి, నోటుబుక్కులో రాసి చూపించాను. దేనికని నేను అడగలేదు. ఆయన చెప్పనూ లేదు.

భోజనాల వేళ తమ్ముడికి చూపించాను. వాడు రెండు ముద్దలు తిన్నాక, "ఆ పుస్తకం ఇయ్యొద్దులేక్కా. మిగతా నాలుగు ఇయ్యి. ఎవరో చదివి, ఆయన్ని గురించి ఏమో అనుకోవడం ఎందుకు?" అన్నాడు.

"సంఘం వాళ్ళది కదా, మనది కాదు," అన్నాను.

"సంఘం యాడుందిప్పుడు?"

రెడీమేడ్ బట్టలొచ్చాక అంగళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సభ్యుల్లో ముప్పాతికమంది లేరు. అమ్మ మా ఇద్దరి మాటా విని, "ఆమె ఉండాది కదా. ఆమెనడుగు," అంది.

అర్జీ పెట్టుకున్న ఆవిడ ఇల్లు మైపాడు పోయే దారిలో, రొయ్యల గుంటలు దాటాక ఒక చిన్న ఊళ్ళో. అబ్బాను ఆవిడ అన్నా అని పిలిచేది, అందుకని నాకు అత్త. అబ్బా పోయినప్పుడు వచ్చి, అమ్మ పక్కన పొద్దుగూకే దాకా కూర్చుని పోయింది. ఆ వరసలో ఇదంతా దాగి ఉందని నాకేం తెలుసు.

మర్నాడు బడికి సెలవు పెట్టి, మూడో పుస్తకం, అయిదోదీ సంచిలో పెట్టుకుని ఆటోలో వెళ్ళాను. అత్త గడపలో కూర్చుని, మనవరాలి పావడాకు అంచు మడిచి చేత్తో కుడుతోంది. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. "అద్దాలు పెట్టుకుంటే సూది పెద్దదిగా కనిపించి భయమేస్తాది," అంది.

వచ్చిన పని చెప్పాను. ఆ మూడు సభల సంగతీ చదవమంది. చదివాను. అత్త కుట్టడం ఆపలేదు.

"ఇది నాకు తెలిసిందేలేమ్మా. మీ అబ్బా ముందే చదివి వినిపించినాడు," అంది.

"ఎప్పుడు?"

"మూడోసారి వాయిదా అన్నారే, ఆ దినమే. నాకప్పుడు చదువు రాదు. అందరూ లేసి పోతా ఉండారు. నేను గడప బయటే నిలబడి, 'అన్నా, నా గురించి ఏం రాసినావో చదువు' అన్నా. చదవడనుకున్నా. పుస్తకం తెరిచి, ఆయన అన్నది ఆయనే, ఒక్క మాట మింగకుండా చదివినాడు. మొహం ఎర్రగా అయింది. అయినా చదివినాడు."

"కోపం పోయిందా నీకు?"

"యాడ పోతాది? పిల్లకాయలు ఇద్దరు ఇంట్లో. బడులు తెరవడానికి రెండు నెలలు కూడా లేదు." దారం పంటితో తెంపింది. "కానీ ఒకటి మాత్రం ఆయన రాయలా. అది నేను అడిగినా."

ఆ రోజు సభలో అబ్బా ఇంకో మాట కూడా అన్నాడట. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కాజాలు కుట్టడం లేదా, గుండీలు వెయ్యడం లేదా, వాళ్ళు సభ్యత్వం అడిగారా అని. దానికి అత్త గడప బయట నుంచే, "వాళ్ళకు కూడా ఇయ్యండి అన్నా, ఎవరొద్దన్నారు" అందట. అధ్యక్షుడు దగ్గి, వాయిదా అన్నాడు.

"అది ఎందుకు రాయలేదన్నా అని అడిగినా. 'అది చర్చలోకి రాదమ్మా' అన్నాడు. సరేనని వచ్చేసినా. మళ్ళీ అమావాస్యకు పిలిపించి, నువ్వు చేరినావు అన్నారు. మనసెందుకు మార్చుకున్నాడో ఆయన చెప్పలా, నేనడగలా."

ఆ ఏడు ఆమెకు నలభై జతల యూనిఫారాలు వచ్చాయి. తర్వాత రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని సంతకం పెట్టింది. పుస్తకంలో వెతికి చూపించాను. అంతకుముందు ఫలానావారి భార్య అని అబ్బా రాసి, పక్కన ఆమె వేలిముద్ర వేయించేవాడు. ఒకచోట నుంచి ఆమె పేరు ఆమె చేత్తోనే ఉంది, అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి. అత్త వేలు పెట్టి తడిమింది.

అయిదో పుస్తకం కూడా తీశాను. అందులో చివరి పేజీలన్నీ ఒకే రకం. "హాజరు: ఇద్దరు. కోరం లేనందున సభ వాయిదా." నెల తర్వాత నెల. ఇద్దరి సంతకాలు. ఒకటి అబ్బాది, ఒకటి అత్తది.

"అంతదూరం నుంచి బస్సెక్కి ఎందుకు వచ్చేదానివత్తా, ఎవరూ రారని తెలిసి?"

"రాకపోతే ఒకరని రాసుకోవాల ఆయన," అంది. తర్వాత, "మీ అమ్మ టీ ఇచ్చేది. ముగ్గురం కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళం," అంది.

మూడో పుస్తకం ఇమ్మంటావా వద్దంటావా అని అడిగాను. అత్త పావడా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఇయ్యి. నన్ను వద్దన్నది లేకపోతే చేర్చుకున్నదానికి విలువేముండాది? ఊరికే పిలిచి ఇచ్చినట్టు ఉంటాది. నేను మూడు నెలలు తిరిగినా."

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ వరండాలో మిషను పక్కన చిక్కుడుకాయలు తుంచుతోంది. అబ్బా అంగడిలో తయారైన ప్రతి చొక్కాకూ కాజాలు అమ్మవే. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి అది ఒక పనని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

"నీకు ఈ సంగతి తెలుసా అమ్మా?" అన్నాను.

"సభలో ఏం జరిగిందో తెలీదు. కానీ ఒక దినం అన్నం తింటా, 'నువ్వు సంఘంలో చేరతావా' అని అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"కూరలో ఉప్పు సరిపోయిందా అన్నా." అమ్మ కాయలు తుంచడం ఆపింది. "ఎగతాళికి అడిగినాడు అనుకున్నా. కాదు. కడుక్కున్న చెయ్యి తుడుచుకోకుండా అట్లనే కూర్చున్నాడు. మళ్ళీ అడిగినాడు. నాకెందుకండీ అదంతా, మీరుండారు కదా అన్నా. మరి ఆమెకు ఎవరూ లేరు కదా అన్నాడు. అంతే. లేసి అంగడిలోకి పోయినాడు."

"చేరి ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనిపించిందా?"

అమ్మ ఇంకో చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. "అప్పుడు అనిపించలా. తర్వాత ఆమె నెలనెలా వచ్చి సంతకం పెడతా ఉంటే, పెన్ను పట్టుకునేది చూసేదాన్ని," అంది.

తమ్ముడు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మర్నాడు పొద్దున అయిదు పుస్తకాలూ దుమ్ము దులిపి, పాత లుంగీలో మూటకట్టి వాడే ఆటోలో పెట్టాడు.

కాలేజీకి ముగ్గురం వెళ్ళాం, నేను, అమ్మ, అత్త. అత్త ఇస్త్రీ చీర కట్టుకుని దారిలో ఎక్కింది. చరిత్ర మేడం మా కంటే చిన్నదే. పుస్తకాల తొడుగులు చూసి ముచ్చటపడింది. అవి తియ్యకుండానే స్కాన్ చేస్తామని, అసలువి బీరువాలో ఉంచి, ఎప్పుడు కావాలన్నా చూపిస్తామని చెప్పింది. ఒప్పుకోలు పత్రం మీద సంఘం తరఫున ఎవరు సంతకం పెడతారని అడిగింది. అత్తను చూపించాను. అత్త కుర్చీ ముందుకు జరుపుకుని, కాగితం నిటారుగా సర్దుకుని, నిదానంగా పెట్టింది.

తర్వాత మేడం అమ్మ వైపు తిరిగి, "మీరూ సభ్యులేనా అమ్మా?" అంది.

"కాదమ్మా. నేను కాజాలు కుట్టేదాన్ని," అంది అమ్మ.

మేడం పెన్ను పట్టుకుని ఆగింది. ఎన్నేళ్ళు కుట్టారని అడిగింది. పెళ్ళయిన ఏడు నుంచీ అని అమ్మ చెప్పింది. పనికి సంబంధించిన మాటలు కూడా రికార్డు చేసుకుంటున్నాం, మీకు ఇష్టమైతే మాట్లాడతారా అని ఫోను బల్ల మీద పెట్టింది. అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. గుండీ కంటే కాజా ఎంత పెద్దదిగా ఉండాలో, కత్తిరించే ముందు గుడ్డకు దారం పోగు ఎట్లా పోసుకోవాలో అమ్మ మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట అత్త, "నైలానుకు అట్లా కాదులే వదినా" అంది. ఇద్దరూ దాని మీద వాదించుకున్నారు. మేడం ఆపలేదు. నేను బయటకు వెళ్ళి అందరికీ టీ చెప్పి వచ్చాను.