నాదస్వర విద్వాంసుడి ముందుపన్ను

పదవీ విరమణకు ముందటి వేసవిలో నన్ను కడపలోని ఒక దంత వైద్యశాలకు కృత్రిమ దంతాల విభాగాధిపతిగా వేశారు. దవడ ఎముకలో స్క్రూలాంటి ఇంప్లాంటు దించడం శస్త్రచికిత్స విభాగం పని. ఎముక దాన్ని గట్టిగా పట్టుకున్నాక పైన క్రౌన్, అంటే తొడుగు పన్ను, బిగించడం మా పని.

రాజంపేట నుంచి వచ్చిన ఓబులేసు గారు నాదస్వర విద్వాంసులు. మోటారు సైకిలు మీంచి పడి పైవరుసలో ముందుపన్ను పోగొట్టుకున్నారు. అప్పటినుంచి మేళానికి దూరమయ్యారు. ఇంప్లాంటు కుదురుకోగానే, శ్రావణంలో పెళ్లిళ్లు ఒప్పుకున్నానని, ఒకేసారి శాశ్వతమైన పన్ను పెట్టేయమని అడిగారు. నేను ఒప్పుకోలేదు. ముందుపళ్లకు మొదట ప్లాస్టిక్‌తో తాత్కాలికంగా పెట్టి, చిగురు దాని చుట్టూ అమరేదాకా ఆగడం నా పద్ధతి.

ఆ తాత్కాలిక పన్ను అందంగా అమరింది. పక్కపన్నుకు జోడుగా, నిటారుగా ఉంది. కొరికించి చూసే రంగు కాగితంలో, ఎక్స్‌రేలో లోపమేమీ కనబడలేదు. ఆయన భార్య సుబ్బమ్మ గారు చూసి మురిసిపోయారు. కొద్దిరోజులకే ఇద్దరూ తిరిగి వచ్చారు.

"పన్ను బాగుండాది సార్. వాయిద్యమే పలకడంల్యా. పై స్థాయికి పోతే గాలి యాడనో జారిపోతాండాది," అన్నారాయన.

సాధన చేస్తే సర్దుకుంటుందని మా జూనియర్ డాక్టరు ధైర్యం చెప్పబోయింది.

"సర్దుకోకపోతే ఏం జేసేదమ్మా? నాకు ఇంకో పని రాదు."

మరుసటిసారి నాదస్వరం తెమ్మన్నాను. కుర్చీలో కూర్చుని వాయిస్తుంటే ఆయన పెదవిని గమనించాను. నాదస్వరం కొసన నోట్లో పెట్టుకునే పీకను అదిమిపట్టే పై పెదవికి వెనక ఊతం ముందుపళ్లే. కొత్త పన్ను పెదవిని ముందుకు నెడుతోంది. పాత పన్ను ఎలా ఉండేదని అడిగితే, కాస్త లోపలికి వాలి ఉండేదని సుబ్బమ్మ గారు చెప్పారు.

పన్ను ముందు భాగం కొద్దిగా అరగదీసి, వెనక కొంత చేర్చాను. ఆయన వాయించారు. మళ్లీ అరగదీశాను. లోపలికి వాల్చిన కొద్దీ కింది పన్ను తగిలే ప్రమాదం ఉంది. సహజమైన పన్ను నమిలేటప్పుడు రవ్వంత కదిలి బరువు ఓర్చుకుంటుంది. ఎముకకు అతుక్కున్న ఇంప్లాంటు కదలదు, దెబ్బంతా స్క్రూ మీద పడుతుంది. అందుకే ప్రతిసారీ రంగు కాగితం కొరికించి, గుర్తు గట్టిగా పడినచోట తగ్గిస్తూ వచ్చాను. చివరికి పై స్వరం నిలిచింది. బయట బెంచీల మీది రోగులు లేచి తలుపు దగ్గరికి వచ్చారు.

"మళ్లీ వంకర పన్నేనా?" అన్నారు సుబ్బమ్మ గారు.

"ఇన్నేండ్లు మనకు కూడు పెట్టింది ఆ వంకరదే గదా," అన్నారాయన, వాద్యం ఒడిలో పెట్టుకుని.

అదే ఆకారంలో ల్యాబులో పింగాణీ పన్ను చేయించాను. అవసరమైతే విప్పుకోవడానికి వీలుగా సిమెంటుతో అతికించకుండా స్క్రూతో బిగించాను. సందు లేకుండా కూర్చుందని ఎక్స్‌రేలో చూసుకున్నాకే, బిగువు కొలిచే రెంచితో చివరి తిప్పు తిప్పాను. శ్రావణంలో ఆయన పెళ్లిళ్లకు వాయించారు.

అద్దం, రంగు కాగితం, ఎక్స్‌రే, మూడూ బాగుందని చెప్పిన పన్ను కూడా మనిషికి పనికిరాకపోవచ్చు. ఆ తర్వాత కొలతలు తీసుకునే ముందు, ఆ నోటితో చేసే పనేమిటో అడగడం మా విభాగంలో నియమం చేశాను.