ముందు తూకం

ఆటలాడితే పిల్లలకు ఆరోగ్యమని మా డ్రిల్ మాస్టారు మైకు దొరికినప్పుడల్లా చెప్పేవాడు. కబడ్డీ పోటీల్లో బరువు పరిమితి ఉండేది కాబట్టి ముందురోజు నుంచే మా ఆడపిల్లల జట్టుకు తిండీ నీళ్ళూ ఆపేసేవాడు. తను మాత్రం మా ఎదుటే ఉగ్గాని, బజ్జీ తింటూ "ఓర్చుకోవాలమ్మా" అనేవాడు.

హగరి ఊళ్ళో జరిగిన పోటీల్లో తూకం వరుసలోనే మా కెప్టెన్ కళ్ళు తిరిగి పడిపోయింది. నేను నీళ్ళు తెస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు తాగితే బరువు పెరుగుతాది. ముందు తూకం కానీ."

ఆ పిల్లను లేపి మిషను మీద నిలబెట్టి, ముల్లు చూసి "పాసైంది" అన్నాడు.

నిన్న మా పాప స్కూలు ఆటలపోటీలకు ఆయనే ముఖ్య అతిథి. మళ్ళీ ఆరోగ్యం గురించే ఉపన్యాసం. అది అయ్యేలోపు మొదటి వరుసలో, ఆయన కళ్ళెదుటే, మా పాపచేత సీసాడు నీళ్ళు తాగించాను.