మాదాపూర్ బండల మీద ఉక్రెయిన్ పెళ్లిపాట

పాతికేళ్ల కిందట నా మిత్రుడొకడు "ఆదివారానికల్లా తెచ్చిచ్చేస్తాను" అని నా స్పూలు టేపు పట్టుకెళ్లాడు. కీవ్‌లో చదువుకునే రోజుల్లో, దగ్గరి పల్లెలో ఇద్దరు ముసలమ్మలు, ఒకరు పై గొంతు ఒకరు కింది గొంతు పట్టి, పాడగా నేను రికార్డు చేసుకున్న పెళ్లిపాట అందులో ఉంది. ఆ ఆదివారం రానేలేదు. వాడు సినిమాలకు సంగీతం కట్టేవాడు. ఏడాది తిరక్కుండా ఆ పాట మొదటి సగం డోలక్ మోతతో తెలుగు సినిమాలో మోగింది. రెండో సగం నాకు మెల్లమెల్లగా మరుపున పడింది. అది ఒక్కసారి వినాలనే ఈ తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో మాదాపూర్ బయల్దేరాను. కీవ్‌లో చదివిన మన కుర్రాణ్ణి పెళ్లాడి వచ్చిన ఒక్సానా అక్కడి కొత్త కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తోందని తెలిసి ఫోన్ చేస్తే, భోజనాల వేళకు రమ్మంది.

అమీర్‌పేటలో పదకొండింటికి బోరబండ బస్సెక్కాను. బోరబండలో దిగితే ఆటో ముప్పై రూపాయలకు కుదిరింది. ఇళ్లు అయిపోయాక కంకర మిషన్ల తెల్లటి దుమ్ము పొగమంచులా కమ్ముకుంది. పడుకున్న ఏనుగుల్లాంటి బండల వెనక అద్దాల భవనం నీళ్లలోంచి లేచినట్టు కనబడింది. అంతలో ఆటోలో ఆ పాటే మొదలైంది, కొత్త రీమిక్స్.

"కాస్త ఆపు బాబూ."

"ఏమైంది పెద్దసారూ? మా గల్లీల పెళ్లయితే బరాత్‌ల గిదే. ముసలోళ్లు గూడ ఎగురుతరు."

"ఇది ఏడ్చే పాటయ్యా."

"గట్లనా? ఇగ మావోళ్లకు జర చెప్పాలె," అని సౌండ్ తగ్గించాడు గానీ ఆపలేదు.

ఒక్సానా టిఫిన్ క్యారియర్‌తో భవనం వెనక బండ మీద కూర్చుంది. గుడివాడ అత్తగారి దగ్గర నేర్చిన తెలుగు.

"మా ఊళ్లో పిల్ల ఇక పుట్టింటిది కాదని పెళ్లికూతురి జడ విప్పుతూ పాడతారండి ఇది. ఇక్కడ డాన్సులు చేస్తుంటే నేను నోరు తెరుచుకుని చూశాను."

"దొంగసొమ్ము అలాగే ఎగురుతుందమ్మా."

"ఎత్తుకోవడం తప్పు కాదు బాబాయిగారూ. మా కీవ్ కుర్రాళ్లు ఎలక్ట్రిక్ గిటార్లతో పాడుతున్నారు. కింది గొంతు మాత్రం వదలరు. అది లేకపోతే పై గొంతు దేని మీద నిలబడుతుంది?"

అందుకే ఒంటరిగా పాడనంది. కింది గొంతు, శ్రుతిలా సాగే ఒకే స్వరం, నన్నే పట్టమంది. రెండు పాదాలు కాకముందే నా వేళ్లు బండ మీద డోలక్ దరువు వేస్తున్నాయి. ఆమె ఆగిపోయింది.

"దరువు వద్దండి. నా ఊపిరి వినండి."

చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి నా గొంతు నేలలా పరుచుకుంది, ఆమెది దాని మీంచి లేచింది. మరిచిపోయిన సగం వచ్చింది. తల్లి చివరి పాయ విప్పుతూ కూతుర్ని పిలుస్తుంది. అక్కడ పై గొంతు ఆగిపోతుంది, కిందిది ఒక్కటే సాగుతుంది. కాసేపు నేను కీవ్‌లో ఉన్నానో మాదాపూర్‌లో ఉన్నానో తెలియలేదు.

జానపదాలు వాద్యబృందాల్లోకి, జాజ్‌లోకి ఎలా వెళ్లాయో ఎన్నో పుస్తకాల్లో చదివాను. పాట దేశం దాటితే నాకు అభ్యంతరం లేదు, సగానికి తెగ్గోసి దాటించడమే అన్యాయం. మీరు మాదాపూర్ వెళ్తే మూడింటిలోపే తిరిగి బయల్దేరండి, ఆ తర్వాత అటు ఆటోలు దొరకవు. బస్సు అమీర్‌పేట చేరేసరికి పై గొంతు నా చెవిలో ఇంకా ఉంది, దాని కింద మాత్రం మళ్లీ డోలక్ మోగుతోంది. అది నా గొంతు ఉండాల్సిన చోటు. అక్కడ డోలక్ పెట్టినవాడు, నా టేపు పట్టుకెళ్లిన శేషగిరి.